ఎమర్జెన్సీ, ఐసీయూ వైద్యంలో నేర్చుకోవడం, తాజాగా ఉండటం: యువ వైద్యులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక వైద్య విభాగంగా భారత వైద్య మండలి గుర్తించింది 2009లో. అంటే రోగిని ఆసుపత్రి గుమ్మం దాకా వేగంగా చేర్చే ఏర్పాటు మనకు ముందు వచ్చింది. గుమ్మం లోపల ఆ రోగిని అందుకోవడానికే శిక్షణ పొందిన వైద్యుల తరం ఆ తర్వాత తయారవడం మొదలైంది. నేటికీ చాలా జిల్లా, ఏరియా ఆసుపత్రుల క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలో ఉండేది ఎంబీబీఎస్ పూర్తిచేసిన యువ వైద్యులో, జనరల్ మెడిసిన్, అనస్థీషియా పీజీ విద్యార్థులో. ఈ మార్గదర్శి ప్రధానంగా వారి కోసం రాసినది.

ఈ రంగంలో వెలువడే పరిశోధనలన్నిటినీ చదవడం ఎవరివల్లా అయ్యే పని కాదు, ఆ అవసరమూ లేదు. రోగి పక్కన తడుముకోకుండా చేయవలసిన కొద్దిపాటి పనులను గట్టిగా పట్టుకోవడం, రోజూ చూసే రోగుల నుంచే ప్రశ్నలు తీసుకోవడం, కొత్తగా విన్న మాట మన రోగికి వర్తిస్తుందో లేదో తేల్చుకున్నాకే దాన్ని ఆచరణలోకి తేవడం అనే మూడు అలవాట్లు ఈ వరుసలోనే కుదరాలని నా దృఢమైన అభిప్రాయం. మొదటిది కుదరకముందే మూడోదాని వెంటపడేవారు కొత్త పరీక్షల పేర్లన్నీ చెప్పగలుగుతారు గానీ, ఫిట్స్ ఆగని రోగికి రెండో మందు ఏది, ఎంత అంటే ఆలోచనలో పడతారు.

మొదటి అడుగు: పుస్తకం తెరిచే వ్యవధి ఉండని జబ్బులు

ముందుగా ఒక పట్టిక రాసుకోండి. రోగి వచ్చాక పుస్తకం తెరవడానికో ఫోన్‌లో వెతకడానికో సమయం ఉండని పరిస్థితులు మాత్రమే అందులో ఉండాలి. గుండె ఆగిపోవడం, శ్వాసమార్గం మూసుకుపోవడం, షాక్ (రక్తప్రసరణ పడిపోవడం), అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ), ఆగని ఫిట్స్, తీవ్రమైన ఆస్తమా, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగడం, టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తిని, గుండెను నొక్కేయడం), కాన్పు తర్వాత రక్తస్రావం ఏ ఊళ్లోనైనా ఉండేవే. తెలుగు నేలమీద పనిచేసేవారు వీటికి పురుగుల మందు తాగిన కేసును, పాము కాటును, వడదెబ్బను తప్పనిసరిగా చేర్చుకోవాలి. విదేశీ పాఠ్యగ్రంథాలు ఈ మూడింటికీ కేటాయించే చోటు తక్కువ. మన క్యాజువాలిటీలో ఇవి ఆక్రమించే మంచాలు ఎక్కువ.

పట్టికలోని ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీ చొప్పున, మొదటి పది నిమిషాల్లో చేయవలసినది మాత్రమే, మీ సొంత చేతిరాతతో రాసుకోండి. మందుల మోతాదులను మిల్లీగ్రాములతో పాటు మీ ఆసుపత్రి స్టోర్స్ నుంచి వచ్చే ఆంప్యూళ్ల లెక్కలో కూడా రాయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని విలువ ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన రోగి వచ్చిన రాత్రి తెలుస్తుంది. మనకు సాధారణంగా దొరికే, ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. తీవ్రమైన విషప్రభావంలో తొలి మోతాదు 1.8 మిల్లీగ్రాములు, అంటే మూడు ఆంప్యూళ్లు. ఐదు నిమిషాల తర్వాత చూసి, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గకపోతే, సిస్టాలిక్ రక్తపోటు 80, గుండె వేగం 80 దాటకపోతే, మోతాదును రెట్టింపు చేయాలి: ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. నాలుగో విడత పూర్తయ్యేసరికి, అంటే పావుగంటలో, 45 ఆంప్యూళ్లు ఖర్చవుతాయి. మీ క్రాష్ కార్ట్‌లో (అత్యవసర మందుల బండిలో) అన్ని ఉన్నాయా, లేకపోతే అర్ధరాత్రి ఎవరిని లేపాలి, అన్ని ఆంప్యూళ్లు విరిచి సిరంజిలోకి తీయడానికి ఎన్ని చేతులు కావాలి అన్న ప్రశ్నలకు జవాబులు కూడా ఆ పేజీలోనే ఉండాలి. ఇలా రెట్టింపు చేస్తూ పోయి, ఆ తర్వాత ఇన్ఫ్యూజన్‌గా (ఆగకుండా సన్నగా ఎక్కిస్తూ) కొనసాగించే పద్ధతిని, అంతకుముందు వాడుకలో ఉన్న విడి విడి బోలస్ (ఒక్కసారిగా ఇచ్చే మోతాదు) పద్ధతితో పోల్చి చూసిన బంగ్లాదేశ్ అధ్యయనం 2012లో వెలువడింది. పాత పద్ధతిలో 22.5 శాతం రోగులు మరణిస్తే, కొత్త పద్ధతిలో 8 శాతం మరణించారు. వాడిన మందు రెండు చోట్లా ఒకటే. దాన్ని ఇచ్చిన వేగం, తీరు వేరు.

పాము కాటు పేజీ కూడా ఇంతే నిర్దిష్టంగా ఉండాలి. ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష అందరికీ తెలిసినదే, అయినా దాన్ని సరిగా చేసేవారు తక్కువ. సిరనుంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబులో చేసినా, డిటర్జెంట్‌తో కడిగిన గాజు ట్యూబులో చేసినా రక్తం గడ్డకట్టక, విషం లేని రోగికి విషం ఎక్కినట్టు కనిపించవచ్చు. అలాగే కట్లపాము విషయం వేరుగా రాసుకోవాలి. నేలమీద పడుకున్న మనిషిని రాత్రివేళ కరిచి, కాటు గుర్తుగానీ వాపుగానీ మిగల్చకుండా, తెల్లవారుజామున కడుపునొప్పితోనో రెప్పలు వాలిపోవడంతోనో బయటపడే కాటు అది. కాటు గుర్తు కనిపించలేదని ఇంటికి పంపిన రోగి ఊపిరి ఆగి తిరిగి రావచ్చు. కాబట్టి, అకస్మాత్తుగా రెప్పలు వాలిపోతూ వచ్చిన పల్లెటూరి రోగిని చూసిన ప్రతిసారీ కట్లపామును తలచుకోవాలని ఆ పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఐసీయూలో పనిచేసేవారికి పునాది అంటే వెంటిలేటర్. వెంటిలేటర్ నేర్చుకోవడానికి మోడ్ల పేర్లతో మొదలుపెట్టకండి. టైడల్ వాల్యూమ్‌తో, అంటే ఒక్కో శ్వాసకు లోపలికి పంపే గాలి పరిమాణంతో, మొదలుపెట్టండి. దాన్ని రోగి అసలు బరువును బట్టి కాకుండా, ఎత్తును బట్టి అంచనా వేసే బరువుతో లెక్కించాలి. పురుషులకు సెంటీమీటర్లలో ఎత్తు నుంచి 152.4 తీసివేసి, మిగిలినదాన్ని 0.91తో హెచ్చించి 50 కలపాలి, స్త్రీలకు 45.5 కలపాలి. 165 సెంటీమీటర్ల పురుషుడికి ఇది సుమారు 61.5 కిలోలు. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున టైడల్ వాల్యూమ్ 370 వస్తుంది. 152 సెంటీమీటర్ల స్త్రీకి సుమారు 270 మాత్రమే. లెక్క వేయకుండా అందరికీ 450 పెట్టే అలవాటు ఉన్న చోట ఆమె ఊపిరితిత్తులకు ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న (ఏఆర్‌డీఎస్) రోగుల మీద 2000లో వెలువడిన ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ అధ్యయనంలో కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చిన వర్గంలో 39.8 శాతం, 6 మిల్లీలీటర్లు ఇచ్చిన వర్గంలో 31 శాతం మరణించారు. పాతికేళ్లు గడిచినా దీన్ని మించిన పాఠం వెంటిలేటర్ విషయంలో రాలేదు. పైగా దానికి కావలసిన పరికరం ఒక కొలటేపు మాత్రమే.

రెండో అడుగు: ప్రశ్న ఈ రోజు చూసిన రోగి నుంచే రావాలి

పునాది పడిన తర్వాత చదువు సాగవలసినది విషయసూచిక ప్రకారం కాదు, డ్యూటీ ప్రకారం. ప్రతి డ్యూటీలో మీకు అనుమానం వచ్చిన ఒక్క నిర్ణయాన్ని ఎంచుకుని, జవాబు దొరికేలా ప్రశ్నగా రాసుకోండి. ‘సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) గురించి చదవాలి’ అని రాసుకుంటే అది ఏనాటికీ పూర్తికాదు. ‘మూత్రనాళ ఇన్ఫెక్షన్‌తో షాక్‌లో వచ్చిన డెబ్బై ఏళ్ల రోగికి సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేసేదాకా నార్‌అడ్రినలిన్ (రక్తపోటు పెంచే మందు) ఆపాలా, ముంజేతి సిరలోనే మొదలుపెట్టవచ్చా?’ అని రాసుకుంటే అరగంటలో జవాబు దొరుకుతుంది. 2021 నాటి సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలు సెంట్రల్ లైన్ కోసం ఆలస్యం చేయకుండా సాధారణ సిరలోనే మొదలుపెట్టమని సూచిస్తున్నాయని తెలుస్తుంది. ఆ రోగి ముఖం గుర్తున్నంతకాలం ఆ జవాబూ గుర్తుంటుంది.

దీనికి తోడుగా ఎమర్జెన్సీ వైద్యులు ప్రయత్నపూర్వకంగా చేసుకోవలసిన అలవాటు మరొకటి ఉంది. మనం చూసిన రోగి వార్డుకో ఐసీయూకో మరో ఆసుపత్రికో వెళ్లిపోతాడు. మన అంచనా నిజమైందో కాదో మనకు తెలియకుండానే మరుసటి డ్యూటీ వస్తుంది. గ్యాస్ నొప్పి అని పంపిన రోగి గుండెపోటుతో మరో ఆసుపత్రిలో చేరితే ఆ కబురు మన దాకా రాదు, అందువల్ల మన తీర్పు సరైనదేనన్న నమ్మకం రుజువు లేకుండానే బలపడుతుంది. కాబట్టి ప్రతి డ్యూటీలో ఇద్దరు ముగ్గురు రోగులను ఎంచుకుని, చేర్చుకునేటప్పుడు మీరు అనుకున్న జబ్బును ముందే రాసి ఉంచి, రెండు మూడు రోజుల తర్వాత వార్డుకు వెళ్లి కేస్ షీట్ చూడండి. ముందే రాసి ఉంచడం ముఖ్యం, ఎందుకంటే ఫలితం తెలిశాక మనసు ‘నేనూ అదే అనుకున్నాను’ అని సర్దిచెప్పుకుంటుంది. ఈ రాతల్లో రోగి పేరు, ఐపీ నంబరు, ఫొటో ఉండకూడదు. ఎక్స్‌రేల మీద పేరు చెరపకుండా వాట్సాప్ బృందాల్లో పెట్టే అలవాటును మన వృత్తి ఇకనైనా మానుకోవాలి.

చదివినది నిలవడం గురించి క్లుప్తంగా చెబుతాను. మరుపు తొలి రోజుల్లోనే వేగంగా జరుగుతుందని జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తనమీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ చెప్పగలిగారు గానీ, వారం తర్వాత చూస్తే ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవారే ముందున్నారు. అందుచేత మీ పేజీలను మళ్లీ చదవకండి. తెల్లకాగితం తీసుకుని చూడకుండా రాసి, తర్వాత సరిపోల్చండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి అలా చేస్తే చాలు.

మూడో అడుగు: పరిశోధన పత్రాన్ని చదవడం

ఇక్కడ కాసేపు నిలబడదాం. పరిశోధనను చదవడం గురించి చెప్పేవారు ఎక్కువగా సంఖ్యాశాస్త్రంతో మొదలుపెడతారు. నేను మన క్యాజువాలిటీలో రోజూ వాడే ఒక మందుతో మొదలుపెడతాను. పురుగుల మందు కేసులో అట్రోపిన్‌తో పాటు ప్రాలిడాక్సిమ్, మన వాడుకలో పామ్, ఇవ్వాలా వద్దా? దీని మీద రెండు ప్రసిద్ధ అధ్యయనాలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉన్నాయి.

మొదటిది మహారాష్ట్రలోని బారామతిలో జరిగి 2006లో లాన్సెట్‌లో వెలువడింది. ఇందులో 200 మంది రోగులు. అందరికీ ముందు 2 గ్రాముల పామ్ ఇచ్చారు. తర్వాత సగం మందికి 48 గంటల పాటు గంటకు 1 గ్రాము చొప్పున ఆగకుండా ఇచ్చారు. మిగతా సగానికి నాలుగు గంటలకు ఒకసారి 1 గ్రాము ఇచ్చారు. మొదటి వర్గంలో ఒకరు, రెండో వర్గంలో 8 మంది మరణించారు. రెండోది శ్రీలంకలో జరిగి 2009లో వెలువడింది. 235 మందిలో సగానికి 2 గ్రాముల తొలి మోతాదు, ఆపై గంటకు అర గ్రాము చొప్పున పామ్ ఇచ్చారు. మిగతావారికి సెలైన్ మాత్రమే ఇచ్చారు. పామ్ తీసుకున్నవారిలో 24.8 శాతం, సెలైన్ వర్గంలో 15.8 శాతం మరణించారు. విషం అణచివేసే రక్తంలోని ఎంజైమ్ మాత్రం పామ్ వల్ల తిరిగి చురుకైందని పరీక్షల్లో తేలింది.

ఈ రెండింటిలో ఒకటే చదివినవారు ‘పామ్ ప్రాణం నిలుపుతుంది’ అనో ‘పామ్ ప్రాణం తీస్తుంది’ అనో చెబుతారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే వేరే ప్రశ్నలు పుడతాయి. బారామతిలో పామ్ అసలు ఇవ్వని వర్గం లేదు. కాబట్టి ఆ అధ్యయనం ‘ఎక్కువ మోతాదు మంచిదా, తక్కువ మోతాదు మంచిదా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పిందే తప్ప, ‘పామ్ పనిచేస్తుందా’ అన్న ప్రశ్నను వేయనేలేదు. అక్కడి రోగులు మధ్యస్థ తీవ్రత ఉన్నవారు, మంచి ఐసీయూ వసతి దొరికినవారు. శ్రీలంక అధ్యయనంలో మరణాల తేడా పెద్దదిగా కనిపించినా, సర్దుబాటు చేసిన ప్రమాద నిష్పత్తి (1 అంటే తేడా లేదని అర్థం) 1.69, దాని విశ్వాస అంతరం 0.88 నుంచి 3.26 వరకు ఉంది. అంటే నిజమైన ప్రభావం స్వల్ప మేలు నుంచి మూడు రెట్ల కీడు దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కీడు రుజువు కాలేదు, మేలు కనిపించలేదు. పైగా తాగిన మందు ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. డైమిథైల్ రకం పురుగుమందుల్లో ఎంజైమ్ సుమారు 3.7 గంటల్లో సగం తిరిగిరాని స్థితికి చేరుతుంది. డైఈథైల్ రకంలో దానికి సుమారు 33 గంటలు పడుతుంది. పొలం గట్టు మీద డైమిథోయేట్ తాగి ఎనిమిది గంటల తర్వాత వచ్చిన రైతుకు, క్లోర్‌పైరిఫాస్ తాగి గంటలో వచ్చిన యువకుడికి పామ్ ఒకేలా పనిచేస్తుందని ఆశించలేం. అందుకే ఖాళీ డబ్బా తెమ్మని బంధువులను అడగడం కూడా వైద్యంలో భాగమే. నా వరకు ఈ పఠనం నుంచి తేలిన తీర్పు ఇది: అట్రోపిన్, శ్వాస సంరక్షణ ఏ కారణం చేతనూ ఒక్క నిమిషం ఆగకూడదు, పామ్ కోసం వాటిని పక్కన పెట్టకూడదు.

ఈ ఉదాహరణలో వేసిన ప్రశ్నలే ఏ పత్రానికైనా వేయండి. దేన్ని దేనితో పోల్చారు? ఆ రోగులు మన రోగుల వంటివారేనా? వారికి అందిన మిగతా చికిత్స మన దగ్గర ఉందా? లెక్కించినది మరణమా, ల్యాబ్ రిపోర్టులో ఒక అంకెనా? ఆపైన తేడా ఎంత? రక్తస్రావాన్ని తగ్గించే ట్రాన్‌ఎగ్జామిక్ ఆమ్లం మీద 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో, భారతదేశంతో సహా అనేక దేశాల నుంచి 20,211 మంది గాయపడిన రోగులు పాల్గొన్నారు. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. అంటే సుమారు 67 మందికి ఇస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. అంత చవక మందుకు ఇది గొప్ప ఫలితమే. కానీ ఆ మేలు మొదటి మూడు గంటల్లో ఇచ్చినప్పుడే; మూడు గంటలు దాటాక ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు 3.1 శాతం నుంచి 4.4 శాతానికి పెరిగాయి. అదే మందును జీర్ణనాళ రక్తస్రావంలో పరీక్షించిన హాల్ట్-ఐటీ అధ్యయనం 2020లో వెలువడింది. 12,009 మంది రోగుల్లో మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డకట్టడం మాత్రం రెట్టింపైంది. రక్తం వాంతి చేసుకుంటూ వచ్చిన ప్రతి రోగికి ఇప్పటికీ ఆ మందు రాసే చోట్లు ఉన్నాయి.

నాలుగో అడుగు: ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆగాలి

తీవ్ర చికిత్సా వైద్య చరిత్రలో ఒక నమూనా పదే పదే కనిపిస్తుంది. ఒకే ఆసుపత్రిలో జరిగిన అధ్యయనం అద్భుత ఫలితాన్ని చూపుతుంది. ప్రపంచమంతా దాన్ని అనుసరిస్తుంది. తర్వాత అనేక ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద అధ్యయనం దాన్ని నిలబెట్టదు. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో ఇన్సులిన్‌తో చక్కెరను గట్టిగా అదుపుచేస్తే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. 2009లో 6,104 మందితో జరిగిన నైస్-షుగర్ అధ్యయనంలో అలా గట్టిగా అదుపుచేసిన వర్గంలోనే మరణాలు ఎక్కువయ్యాయి: 24.9 శాతానికి ఎదురుగా 27.5 శాతం. అదే 2001లో సెప్సిస్‌కు నిర్దిష్ట లక్ష్యాలతో తొలి ఆరు గంటల చికిత్స, 263 మంది రోగుల్లో, మరణాలను 46.5 నుంచి 30.5 శాతానికి తగ్గించింది. 2014, 2015 సంవత్సరాల్లో అమెరికాలో, ఆస్ట్రేలియా నేతృత్వంలో, ఇంగ్లండులో జరిగిన మూడు పెద్ద అధ్యయనాల్లో ఆ తేడా కనబడలేదు. అయితే 2001 నాటి ఆ పత్రం వృథా కాలేదు. సెప్సిస్‌ను త్వరగా గుర్తించి, త్వరగా యాంటీబయాటిక్ ఇవ్వడం ఈలోగా అందరి అలవాటైంది.

కాబట్టి నేను పాటించే, మీకూ సూచించే నియమం ఇది. హాని చేసే అలవాటును మానమని చెప్పే మంచి అధ్యయనం వస్తే త్వరగా మానండి. ఖర్చుతో, ప్రమాదంతో కూడిన కొత్త పనిని మొదలుపెట్టమని చెప్పే అధ్యయనం వస్తే, మరో చోట మరో బృందం దాన్ని నిరూపించేదాకా వేచిచూడండి. చవకైన, ప్రమాదం లేని మార్పుకు అంత కాలం ఆగనవసరం లేదు.

వర్తింపు విషయంలో మన దేశపు వైద్యులు తప్పక చదవవలసిన అధ్యయనాలు ఆఫ్రికా నుంచి వచ్చాయి. 2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనంలో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లలు పాల్గొన్నారు. వేగంగా సెలైన్ బోలస్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో 10.5 శాతం మరణిస్తే, బోలస్ ఇవ్వనివారిలో 7.3 శాతం మరణించారు. 2017లో జాంబియాలో సెప్సిస్‌తో రక్తపోటు పడిపోయిన పెద్దవారిలోనూ, ఎక్కువగా హెచ్‌ఐవీ ఉన్నవారిలో, ద్రవాలు ఉదారంగా ఇచ్చిన వర్గంలో 48.1 శాతం, మామూలు చికిత్స వర్గంలో 33 శాతం మరణించారు. వెంటిలేటర్లు అందుబాటులో లేని చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరితే వెనక్కి లాగే మార్గం ఉండదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. పెద్ద నగరపు ఐసీయూ కోసం రాసిన కిలోకు 30 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించాలన్న నియమాన్ని, ఒకే నర్సు నలభై మంచాలు చూసే వార్డులో కళ్లు మూసుకుని అమలుచేయకండి. అలాంటి చోట పనికొచ్చే ఆధారం కూడా ఉంది. 2019లో దక్షిణ అమెరికాలో జరిగిన ఆండ్రొమెడా-షాక్ అధ్యయనంలో, వేలికొనను నొక్కి వదిలి రంగు తిరిగివచ్చే సమయాన్ని చూస్తూ షాక్‌కు చికిత్స చేయడం, లాక్టేట్ పరీక్షను చూస్తూ చేయడం కంటే ఏ విధంగానూ తీసికట్టుగా కనిపించలేదు. అరగంటకు ఒకసారి వేలు నొక్కి చూడటానికి ల్యాబ్ అక్కరలేదు.

ఐదో అడుగు: ఎక్కడ చదవాలి, ఎంతసేపు చదవాలి

వారానికి ఒక గంట నిర్ణయించుకుని దాన్ని కాపాడుకోండి. రాత్రి డ్యూటీ దిగిన ఉదయం మాత్రం ఆ గంట పెట్టుకోకండి. నిద్ర లేని బుర్రకు ఏదీ ఎక్కదు. ఒకటి రెండు ప్రధాన పత్రికల విషయసూచికలను ఈ-మెయిల్‌కు తెప్పించుకుంటే శీర్షికలు చూడటానికి పది నిమిషాలు చాలు. మిగతా సమయం ఒకే ఒక్క పత్రానికి ఇవ్వండి.

ఉచితంగా దొరికేవి తక్కువేమీ కావు. 1993లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ వెలువరించే పత్రిక అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. మన వసతులకు తగిన చికిత్సా క్రమాలను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఒక్కో పేజీ చిత్రపటాలుగా ఇస్తోంది. ప్రభుత్వ నిర్వహణలోని ఉన్నత విద్యాసంస్థల్లో చదివేవారు, పనిచేసేవారు 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం తమ కళాశాలకు వర్తిస్తుందో లేదో లైబ్రేరియన్‌ను అడిగి తెలుసుకోండి. వేల పత్రికలు అందులో ఉన్నాయి. 2012 నుంచి ఫోమ్ అన్న పేరుతో వ్యాపించిన ఉచిత వైద్యవిద్యా ఉద్యమం వల్ల పాడ్‌కాస్ట్‌లు, పరిశోధనల సారాంశాలు విరివిగా వస్తున్నాయి. తీవ్ర చికిత్సా పరిశోధనలను విమర్శనాత్మకంగా విడమరచే ది బాటమ్ లైన్ వాటిలో నాకు నచ్చినది. అయితే ఒక షరతు: ఎవరి సారాంశం విన్నా, మీ చికిత్సను మార్చుకునే ముందు మూల పత్రంలోని పద్ధతుల భాగాన్ని, మొదటి పట్టికను మీరే చదవాలి. చక్కగా మాట్లాడే వక్త మాటలో ఎంత బలమున్నా, అతని ఆసుపత్రి మీ ఆసుపత్రి కాదు. కృత్రిమ మేధ సాధనాలు చెప్పిన మోతాదులకు ఈ షరతు మరింత గట్టిగా వర్తిస్తుంది. ఫార్ములరీతో (మందుల మోతాదుల ప్రామాణిక పుస్తకంతో) సరిచూడకుండా ఒక్క మందు కూడా రాయకండి.

ఆరో అడుగు: చేతులకు నేర్పడం

చదవడంతో చేతులకు పని రాదు. ఛాతీ నొక్కడంలో నైపుణ్యం శిక్షణ పొందిన కొన్ని నెలల్లోనే సడలడం మొదలవుతుంది. చేతిలోని ధ్రువపత్రం మాత్రం రెండేళ్లు చెల్లుతుంది. అందువల్ల నెలకు ఒకసారైనా, బొమ్మ మీద రెండు నిమిషాల పాటు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుగా నొక్కి, పక్కనున్నవారితో లెక్కపెట్టించండి. ఇన్‌ట్యుబేషన్ (శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం) విషయంలో సంఖ్య ఒక్కటే చాలదు. ప్రతిసారీ ఆక్సిజన్ ఎంతసేపు పట్టారు, మొదటి ప్రయత్నంలోనే ట్యూబు వెళ్లిందా, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ ఎంతకు పడిపోయింది అన్నవి రాసుకుంటేనే మెరుగుపడుతున్నారో లేదో తెలుస్తుంది. అందుబాటులో ఉంటే గొంతు లోపలి భాగాన్ని తెరమీద చూపే వీడియో లారింగోస్కోపు వాడండి. 2023లో వెలువడిన డివైస్ అధ్యయనంలో దానితో మొదటి ప్రయత్నంలో విజయం 85.1 శాతం, మామూలు లారింగోస్కోపుతో 70.8 శాతం.

అరుదుగా వచ్చి, వచ్చినప్పుడు తప్పించుకోలేని పనికి వేరే సాధన కావాలి. ట్యూబు వెళ్లక, మాస్కుతో గాలీ అందక, మెడ ముందు భాగంలో కోత పెట్టవలసిన స్థితి చాలామంది వైద్యులకు వృత్తి జీవితం మొత్తంలో ఏ ఒకటి రెండుసార్లో వస్తుంది. మాంసం కొట్టులో అడిగితే మేక శ్వాసనాళం దొరుకుతుంది. దాన్ని బల్లమీద బిగించి, పైన తోలుకు బదులు మందపాటి పట్టీ అంటించి, స్కాల్పెల్‌తో అడ్డంగా కోసి, బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ) దించి, దాని మీదుగా ఆరో సైజు ట్యూబు ఎక్కించడం నలుగురూ కలిసి చేయండి. మృదులాస్థి స్కాల్పెల్‌కు ఎలా తగులుతుందో, లోపలికి దిగినప్పుడు వేలికి ఏం తెలుస్తుందో ఏ వీడియో చూపలేదు.

ఏడో అడుగు: యూనిట్ మొత్తం నేర్చుకోవడం

ఒక్క వైద్యుడు తాజాగా ఉంటే అతని డ్యూటీలో వచ్చిన రోగులకే మేలు. నర్సులు, టెక్నీషియన్లు, అంబులెన్సు సిబ్బంది కలిసి కూర్చునే నెలవారీ సమావేశం లేని చోట చదువు గదిలోనే ఉండిపోతుంది. ఒక మరణాన్నో, త్రుటిలో తప్పిన ప్రమాదాన్నో తీసుకుని, ఎవరు చేశారన్నది పక్కన పెట్టి, ఏ ఘట్టంలో ఏ సమాచారం ఎవరి దగ్గర ఉందో నిమిషాల వారీగా బోర్డు మీద రాయండి. నర్సు ముందే గమనించి చెప్పలేకపోయిన సందర్భాలు చాలాసార్లు అక్కడే బయటపడతాయి. అలా చెప్పినవారిని ఆ గదిలో అందరి ముందూ అభినందించడం పెద్ద డాక్టర్ల బాధ్యత.

కొలవడానికి సులువైనవాటితో మొదలుపెట్టండి. ఛాతీ నొప్పితో వచ్చిన రోగికి ఈసీజీ పది నిమిషాల్లో తీశారా? సెప్టిక్ షాక్‌లో యాంటీబయాటిక్ మొదటి గంటలో పడిందా? వెంటిలేటర్ మీదున్న రోగి కేస్ షీట్‌లో ఎత్తు రాసి ఉందా? ఒక నెల కేస్ షీట్లు తిరగేస్తే ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది. ఈసీజీ ఆలస్యమవుతోందని తేలితే, కారణం తరచుగా యంత్రం మరో గదిలో ఉండటమో, రిజిస్ట్రేషన్ చీటీ వచ్చేదాకా ఆగడమో అయి ఉంటుంది. దానికి ఉపన్యాసం అక్కరలేదు. యంత్రం చోటు మార్చి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలవాలి. గోడకు అంటించే ప్రతి చికిత్సా క్రమం కింద రాసిన తేదీ, మళ్లీ సరిచూడవలసిన తేదీ, సరిచూడవలసిన వారి హోదా ఉండాలి.

చిన్న ఆసుపత్రిలో ఒంటరిగా పనిచేసేవారికి ఇలాంటి యూనిట్ ఉండదు. మీరు అలాంటివారైతే, రోగులను పంపే పెద్దాసుపత్రి ఐసీయూలో ఒకరితో పరిచయం పెట్టుకుని, పంపిన ప్రతి రోగి గురించి వారం తర్వాత ఫోన్ చేసి అడగండి. ఏమైందన్నదే కాకుండా, పంపేముందు ఇంకేం చేసి ఉంటే బాగుండేదో కూడా అడగండి. తెలియని విషం తాగిన కేసుల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్లు సలహా ఇస్తుంది. ఆ నంబరు ఫోన్‌లో ఉంటే చాలదు, నర్సింగ్ స్టేషన్ గోడమీద కూడా ఉండాలి. 2002 నాటి వైద్య నీతి నియమావళి ఐదేళ్లకు 30 గంటల నిరంతర విద్యను సూచించింది. ఆ గంటలకోసం దూరపు హోటల్లో జరిగే ఏ సదస్సుకైనా వెళ్లే బదులు, చేత్తో పని చేయించే ఒక ఎయిర్‌వే వర్క్‌షాపునో, అల్ట్రాసౌండ్ శిక్షణనో, పాము కాటు, పురుగుమందుల కేసుల మీద జరిగే సమావేశాన్నో ఎంచుకోండి. నమోదు చేసుకునే ముందు, అది మీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ గుర్తింపు పొందినదో కాదో చూసుకోండి.